కాజీపేట నుంచి బార్బడోస్‌కి: ‘వీసా ఫ్రీ’ అన్నారు, మరి శంషాబాద్‌లో ఎందుకు ఆపేశారు?

  ఈరోజు ఎపిసోడ్ కాస్త పెద్దది. ఎందుకంటే ఇది నేను లక్షా పది వేలు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. మీరు డేటా ఖర్చుతో నేర్చుకోండి చాలు.

‘ఇండియన్ పాస్‌పోర్ట్‌తో వీసా లేకుండా వెళ్ళే దేశాలు’ అనే రీల్స్ మీరు చూసే ఉంటారు. నీలం సముద్రం, తెల్ల ఇసుక, కొబ్బరి చెట్లు, కింద పెద్ద అక్షరాల్లో ‘నో వీసా’. ఆ లిస్టులో బార్బడోస్ కచ్చితంగా ఉంటుంది. అబద్ధం కాదు. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు టూరిస్టుగా 90 రోజుల వరకు వీసా లేకుండా బార్బడోస్‌లో ఉండొచ్చు. ఆ రీల్ చూసే నేను 2024 డిసెంబర్‌లో టికెట్ కొన్నాను. హైదరాబాద్ నుంచి గల్ఫ్, గల్ఫ్ నుంచి న్యూయార్క్, న్యూయార్క్ నుంచి బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్. యాప్‌లో అన్నిటికన్నా చౌక టికెట్ అదే.

శంషాబాద్‌లో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి నా పాస్‌పోర్ట్ తీసుకుని, స్క్రీన్ చూసి, ‘సార్, అమెరికా వీసా ఏదీ?’ అంది. నేను నవ్వాను. ‘నేను అమెరికా వెళ్ళట్లేదండీ, బార్బడోస్ వెళ్తున్నా. అక్కడికి వీసా అక్కర్లేదు’ అన్నాను. ఆమె నవ్వలేదు. ‘న్యూయార్క్‌లో మారాలి కదా సార్’ అంది.

అంతే. ట్రిప్ అక్కడే అయిపోయింది. పొద్దున్నే రైలెక్కి కాజీపేటలో దిగాను. మా నాన్న లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. అంతా విని ఒక్కటే మాట అన్నారు: ‘ముప్పై ఏండ్లు జంక్షన్‌ల బతికినవ్ బిడ్డా. బండెక్కే ముందు ఎక్కడ దిగాల్నో కాదు, ఎక్కడ మారాల్నో సూస్కోవాలె.’

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క మాటే. మిగతాదంతా దానికి వివరణ.

అసలు బ్రిడ్జ్‌టౌన్ ఎందుకు?

క్రికెట్ చూసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2024 జూన్ 29, శనివారం రాత్రి. టీ20 వరల్డ్ కప్ ఫైనల్. మనవాళ్ళు 176 కొట్టారు. సౌతాఫ్రికాకి చివర్లో 30 బంతుల్లో 30 పరుగులు కావాలి, ఆరు వికెట్లున్నాయి. మా రైల్వే క్వార్టర్స్‌లో సగం మంది టీవీలు ఆపేసి పడుకున్నారు. తర్వాత ఏమైందో మీకు తెలుసు. చివరి ఓవర్ మొదటి బంతికి బౌండరీ దగ్గర సూర్యకుమార్ క్యాచ్, 7 పరుగుల తేడాతో కప్పు మనది. మన హైదరాబాద్ సిరాజ్ ఆ ఫైనల్ ఆడలేదు కానీ ఆ టీమ్‌లో ఉన్నాడు. ఆ గ్రౌండ్ పేరు కెన్సింగ్టన్ ఓవల్. ఉన్నది బ్రిడ్జ్‌టౌన్‌లో.

అదే గ్రౌండ్‌లో 1997లో ఇంకో కథ జరిగింది. టెస్ట్ మ్యాచ్ గెలవడానికి 120 కొడితే చాలు. మనవాళ్ళు 81కే ఆలౌట్. ఆ ఇన్నింగ్స్‌లో రెండంకెల స్కోరు చేసింది ఒకే ఒక్కడు, మన హైదరాబాద్ లక్ష్మణ్. కొట్టింది 19. మా నాన్న ఆ మ్యాచ్‌ని ఇప్పటికీ తిడతారు. అదే చోట 27 ఏళ్ళ తర్వాత కప్పు వచ్చింది. ఆ గడ్డి ఒకసారి చూసి రావాలనిపించింది నాకు.

బార్బడోస్ ఎంత చిన్నదో చెప్తాను. మొత్తం దేశం 432 చదరపు కిలోమీటర్లు. మన పాత జీహెచ్‌ఎంసీ 650 చదరపు కిలోమీటర్లు. అంటే దేశమంతా హైదరాబాద్ సిటీలో పట్టి, ఇంకా చోటు మిగులుతుంది. జనాభా సుమారు 2 లక్షల 80 వేలు. మన వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిపితే ఉన్న జనంలో సగం కూడా కాదు. బ్రిటిష్ వాళ్ళ నుంచి 1966 నవంబర్ 30న స్వతంత్రం వచ్చింది. 2021లో అదే తేదీన రాణిని పక్కన పెట్టి రిపబ్లిక్ అయింది. మనకి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది కదా, బ్రిడ్జ్‌టౌన్ పాత ఊరికీ, దాని పక్కనున్న గ్యారిసన్ ప్రాంతానికీ 2011లోనే వచ్చింది.

దిగే చోటు కాదు, మారే చోటు

ఇప్పుడు అసలు విషయం. ఇండియా నుంచి బ్రిడ్జ్‌టౌన్‌కి డైరెక్ట్ ఫ్లైట్ లేదు. ఎక్కడో ఒకచోట మారాలి. ఒక్కోసారి రెండు చోట్ల మారాలి. ఆ మారే దేశం రూల్ ఏంటన్నదే మీ ట్రిప్ ఉంటుందా పోతుందా అని తేలుస్తుంది. ఒక్కో దారి చూద్దాం.

మొదటిది, అమెరికా దారి. న్యూయార్క్, మయామీ లాంటి ఊళ్ళ నుంచి బ్రిడ్జ్‌టౌన్‌కి ఫ్లైట్లు ఉంటాయి. చౌకగా కనిపించేవీ ఇవే. కానీ అమెరికాలో ‘ఎయిర్‌పోర్ట్ లోపలే ఉండి మారిపోతా’ అనే పద్ధతే లేదు. రెండు గంటలు ఆగినా సరే, ఇమ్మిగ్రేషన్ లైన్లో నిలబడాలి, బ్యాగు తీసుకోవాలి, మళ్ళీ ఇవ్వాలి. కాబట్టి మనకి అమెరికా వీసా ఉండాల్సిందే. ట్రాన్సిట్ వీసా అయినా, టూరిస్ట్ వీసా అయినా ఏదో ఒకటి. ఆల్రెడీ వాలిడ్ టూరిస్ట్ వీసా ఉన్నవాళ్ళకి ఇది మంచి దారి. లేనివాళ్ళు ఈ టికెట్ వైపు చూడొద్దు. నేను చూశాను.

రెండోది, లండన్ దారి. హైదరాబాద్ నుంచి లండన్ హీత్రోకి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, సుమారు పది గంటలు. లండన్ నుంచి బ్రిడ్జ్‌టౌన్‌కి ఇంకో తొమ్మిది గంటలు. ఒక్కసారే మారాలి, అందుకే మనకి ఇది సూటి దారి. కానీ ఇక్కడా ట్రాన్సిట్ వీసా కావాలి. అందులో రెండు రకాలున్నాయి. ఒకే ఎయిర్‌పోర్ట్‌లో బయటికి రాకుండా మారితే ఒక రకం. బ్రిటన్ ఇమ్మిగ్రేషన్ దాటి బయటికొచ్చి మారితే ఇంకో రకం. ఈ రెండో రకంలో 48 గంటలలోపు వెళ్ళిపోవాలి.

‘నేను బయటికెందుకొస్తా?’ అనుకోవద్దు. లండన్‌లో ఒక్క ఎయిర్‌పోర్ట్ లేదు. బ్రిడ్జ్‌టౌన్ ఫ్లైట్లు హీత్రో నుంచీ వెళ్తాయి, గాట్విక్ నుంచీ వెళ్తాయి. మీరు హీత్రోలో దిగి గాట్విక్‌లో ఎక్కాల్సిన టికెట్ కొంటే, మధ్యలో రోడ్డు మీద ప్రయాణం ఉంటుంది. అంటే బయటికొచ్చినట్టే. కాజీపేటలో దిగి వరంగల్ స్టేషన్‌లో ఇంకో బండి పట్టుకున్నట్టు. టికెట్ మీద మూడక్షరాల ఎయిర్‌పోర్ట్ కోడ్ ఉంటుంది. దిగేది, ఎక్కేది రెండూ ఒకటేనా కాదా అని చూడండి. పది సెకన్ల పని.

మూడోది, కెనడా దారి. టొరంటో నుంచి ఫ్లైట్లు ఉంటాయి. మనవాళ్ళకి అక్కడ కూడా ముందుగా పర్మిషన్ కావాలి.

నాలుగోది, యూరప్ దారి. ఇక్కడ ఒక్కో దేశానిది ఒక్కో రూలు. లోపలే ఉండి మారితే కొన్నిచోట్ల వీసా అడగరు, కొన్నిచోట్ల అడుగుతారు. కానీ ఒక సంగతి అన్నిచోట్లా ఒకటే. షెంగెన్ దేశాల్లో రెండు ఎయిర్‌పోర్టుల్లో మారాల్సి వస్తే, అంటే ఒక ఊళ్ళో దిగి అక్కణ్నుంచి యూరప్‌లోనే ఇంకో ఊరికి వెళ్ళి ఫ్లైట్ ఎక్కాల్సి వస్తే, మీరు షెంగెన్ లోపలికి ప్రవేశించినట్టు లెక్క. పూర్తి షెంగెన్ వీసా కావాల్సిందే.

ఈ రూల్స్ మారుతూ ఉంటాయి. అందుకే నేను చెప్పింది దారి తెలుసుకోవడానికి వాడుకోండి. టికెట్ కొనే రోజు మాత్రం ఆ దేశం ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే చూడండి. బార్బడోస్ రూలు కూడా మళ్ళీ ఒకసారి చూడండి.

ఒకే టికెట్టా, రెండు టికెట్లా?

ఇది చాలామందికి తెలియని బోల్తా. హైదరాబాద్ నుంచి లండన్‌కి ఒక టికెట్, లండన్ నుంచి బ్రిడ్జ్‌టౌన్‌కి వేరే టికెట్ విడివిడిగా కొంటే కొన్నిసార్లు పదీ పదిహేను వేలు తగ్గుతుంది. కానీ అప్పుడు మీ బ్యాగు చాలాసార్లు లండన్‌లోనే ఆగిపోతుంది. దాన్ని తీసుకోవాలంటే ఇమ్మిగ్రేషన్ దాటాలి. అంటే లోపలే మారడానికి తీసుకున్న వీసా పనికిరాదు. పైగా మొదటి ఫ్లైట్ లేటైతే రెండో ఫ్లైట్ వాడికి సంబంధం లేదు. టికెట్ పోయినట్టే.

ఒకే పీఎన్ఆర్ మీద కొంటే బ్యాగు చివరిదాకా వెళ్ళిపోతుంది, లేటైతే వాళ్ళే వేరే ఫ్లైట్ చూపించాలి. రైల్వేలో కూడా కనెక్టింగ్ బండ్ల పీఎన్ఆర్‌లు లింక్ చేసుకునే సౌకర్యం ఉంది కదా, అలాంటిదే అనుకోండి. ఫస్ట్ టైమ్ వెళ్ళేవాళ్ళు ఆ పది వేల కోసం ఆశపడొద్దు.

కౌంటర్ దగ్గర అమ్మాయి తప్పా?

ఆ రోజు నాకు ఆ అమ్మాయి మీద చాలా కోపం వచ్చింది. తర్వాత అర్థమైంది. కాగితాలు లేని ప్యాసింజర్‌ని ఎక్కించుకెళ్తే, ఆ దేశం ఎయిర్‌లైన్‌కే ఫైన్ వేస్తుంది. అతన్ని వెనక్కి తీసుకొచ్చే బాధ్యతా ఎయిర్‌లైన్‌దే. అందుకే కౌంటర్‌లో వాళ్ళు టిమాటిక్ అనే డేటాబేస్ చూస్తారు. మీ పాస్‌పోర్ట్ ఏ దేశానిది, ఎక్కడ మారుతున్నారు, ఎక్కడికి వెళ్తున్నారు అనేవి కొడితే ఏ కాగితాలు కావాలో చూపిస్తుంది. మీరు ఎంత బతిమాలినా అది చెప్పిందే మాట.

మంచి విషయం ఏంటంటే, చాలా ఎయిర్‌లైన్ల వెబ్‌సైట్లలో అదే సమాచారం మనమూ చూసుకోవచ్చు. టికెట్ కొనే ముందు చూడండి, కొన్నాక కాదు. టికెట్ అమ్మే యాప్‌కి మీ దగ్గర వీసా ఉందో లేదో తెలియదు. డబ్బు తీసుకుని టికెట్ ఇస్తుంది, అంతే.

ఇంకో చిన్న మాట. నాన్-రిఫండబుల్ టికెట్ పోయినా, అందులో ప్రభుత్వ పన్నులు, ఎయిర్‌పోర్ట్ ఫీజుల భాగం తిరిగి ఇమ్మని అడగొచ్చు. నేను మెయిల్ మీద మెయిల్ పెడితే తొమ్మిది వేల చిల్లర వచ్చింది. అడక్కపోతే అదీ రాదు.

అమెరికాలో ఉన్న అన్నలకి, అక్కలకి

మన వరంగల్ వైపు ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు. వాళ్ళకి బ్రిడ్జ్‌టౌన్ దగ్గర. న్యూయార్క్ నుంచి ఐదు గంటలలోపే. ‘తమ్ముడూ నువ్వు ఇండియా నుంచి రా, నేను ఇక్కణ్నుంచి వస్తా, అక్కడ కలుద్దాం’ అంటారు. వాళ్ళకి వెళ్ళడం సులువే. తిరిగి రావడం చూసుకోవాలి.

పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు ఎక్స్‌పైర్ అయినా, స్టేటస్ మంచిగా ఉంటే 30 రోజులలోపు వెళ్ళి తిరిగి రావొచ్చనే వెసులుబాటు ఒకటుంది. కానీ హెచ్1బీ వాళ్ళకి అది కెనడా, మెక్సికోలకే. స్టూడెంట్ వీసా, అంటే ఎఫ్1 మీద ఉన్నవాళ్ళకి, జే1 వాళ్ళకి మాత్రమే పక్కనున్న దీవులకీ వర్తిస్తుంది. ఆ దీవుల్లో బార్బడోస్ ఉంది. అంటే స్టాంపు అయిపోయిన హెచ్1బీ అన్న బ్రిడ్జ్‌టౌన్ వెళ్తే అమెరికా తిరిగి వెళ్ళడానికి ముందు కాన్సులేట్‌లో స్టాంపింగ్ చేయించుకోవాలి. నాలుగు రోజుల బీచ్ ట్రిప్ నాలుగు నెలల తలనొప్పి అవ్వొచ్చు. ఈ ఎపిసోడ్ వాళ్ళకి ఫార్వర్డ్ చేయండి.

ఎప్పుడు వెళ్ళాలి?

2024 ఫైనల్ గెలిచాక టీమిండియా వెంటనే ఎందుకు రాలేదో గుర్తుందా? బెరిల్ అనే హరికేన్ వచ్చింది. ఎయిర్‌పోర్ట్ మూసేశారు. కప్పు గెలిచిన టీమ్ హోటల్లో ఇరుక్కుపోయింది. స్పెషల్ ఫ్లైట్ పంపిస్తే జూలై 4 పొద్దున ఢిల్లీలో దిగారు. బీసీసీఐ వెనకున్న టీమ్‌కే అలా అయితే మన సంగతి ఆలోచించండి.

అక్కడ హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. మనకి సమ్మర్ హాలిడేస్ అయ్యాక జూలై, ఆగస్ట్‌లో టికెట్లు చౌకగా కనిపిస్తే కారణం అదే కావొచ్చు. బార్బడోస్ మిగతా దీవులకి కాస్త తూర్పుగా ఉంటుంది కాబట్టి తుఫాన్లు చాలావరకు పక్కనుంచి పోతాయి, కానీ గ్యారంటీ లేదు. వానలు తక్కువుండేది డిసెంబర్ నుంచి మే దాకా. అందులో డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా యూరప్, అమెరికా చలికి పారిపోయి వచ్చేవాళ్ళతో హోటల్ రేట్లు మండిపోతాయి. కాబట్టి మన జేబుకి సరిపోయేది ఏప్రిల్ చివర, మే నెల. నేను రెండోసారి వెళ్ళింది 2025 మేలోనే.

ట్రావెల్ ఇన్సూరెన్స్ టికెట్ కొన్న వారంలోనే తీసుకోండి. తుఫానుకి పేరు పెట్టాక తీసుకుంటే ఆ తుఫాను నష్టం సాధారణంగా కవర్ అవ్వదు.

కాగితాల పని

పాస్‌పోర్ట్ లేనివాళ్ళు హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, వరంగల్‌లోనే పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది. 36 పేజీల మామూలు పాస్‌పోర్ట్‌కి ఫీజు 1500 రూపాయలు. ఆల్రెడీ ఉంటే, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం ఆరు నెలలు వాలిడిటీ ఉండేలా చూసుకోండి.

మన తెలుగువాళ్ళ పేర్లతో ఒక ఇబ్బంది ఉంది. ఇంటిపేరు ముందా వెనకా, ఇనీషియల్ ఉందా లేదా, టెన్త్ మెమోలో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి, అక్షరం తేడా లేకుండా. సర్‌నేమ్ గడిలో పాస్‌పోర్ట్‌లో ఏముందో టికెట్‌లో అదే కొట్టండి.

బార్బడోస్‌కి వీసా లేకపోయినా అడిగేవి నాలుగుంటాయి: తిరుగు టికెట్, హోటల్ అడ్రస్, ఖర్చుకి డబ్బు ఉన్నట్టు ఆధారం, ఆన్‌లైన్‌లో ముందే నింపిన ఇమ్మిగ్రేషన్ ఫారం. అన్నీ ఫోన్‌లో పెట్టుకుని, ఒక సెట్ ప్రింట్ కూడా తీసుకోండి. అంత దూరం వెళ్ళాక బ్యాటరీ అయిపోయింది అంటే వినేవాళ్ళుండరు.

ఎల్లో ఫీవర్ టీకా గురించి. బార్బడోస్ ఒక్కదానికే వెళ్ళి వస్తే మనకి దాంతో పని లేదు. కానీ ‘ఎలాగూ వెళ్తున్నాం కదా, పక్కనే ట్రినిడాడ్, గయానా కూడా చూద్దాం’ అనుకుంటే కావాలి. ఆ దేశాలకి వెళ్ళి ఇండియా తిరిగొచ్చేటప్పుడు అడుగుతారు. సర్టిఫికెట్ లేకపోతే మన దగ్గర ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు.

అక్కడ దిగాక

అక్కడి టైమ్ మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. ఫైనల్ మనకి రాత్రి 8కి మొదలైంది కదా, అక్కడ అప్పుడు పొద్దున పదిన్నర.

డబ్బు లెక్క సులువు. రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలర్. 1975 నుంచి అదే రేటు. అమెరికా డాలర్లు చాలా షాపుల్లో తీసుకుంటారు, చిల్లర మాత్రం లోకల్ డాలర్లలో ఇస్తారు. ఇక్కడ మిర్చీ బజ్జీకి కూడా ఫోన్ తీసి స్కాన్ చేయడం మన చెయ్యికి అలవాటు. అక్కడ దాన్ని నమ్ముకోవద్దు. ఫారెక్స్ కార్డు, కొంత క్యాష్ ఉంచుకోండి.

ప్లగ్గులు అమెరికా టైపు, రెండు చపటా పిన్నులు. కరెంటు 115 వోల్టులు. మన ఫోన్ చార్జర్‌కి అడాప్టర్ ఉంటే చాలు. బండ్లు మన లాగే ఎడమవైపు నడుస్తాయి.

తిరగడానికి ట్యాక్సీలు ఖరీదు. బస్సులు మూడు రకాలు: నీలం రంగు ప్రభుత్వ బస్సులు, పసుపు రంగు మినీ బస్సులు, తెల్లని వ్యాన్లు. ఆ తెల్ల వ్యాన్‌ని అక్కడ జెడ్ఆర్ అంటారు. పెద్ద సౌండ్‌తో పాటలు, ‘ఇంకొక్కరు, ఇంకొక్కరు’ అంటూ ఎక్కించుకోవడం... మన హనుమకొండ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కినట్టే ఉంటుంది. ఎంత దూరమైనా టికెట్ మూడున్నర బార్బడోస్ డాలర్లు, మన డబ్బుల్లో సుమారు 150 రూపాయలు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, మిలిటరీ డిజైన్ బట్టలు. మనవాళ్ళకి కామో కార్గో ప్యాంట్లంటే పిచ్చి. బార్బడోస్‌లో అవి వేసుకోవడం చట్టరీత్యా నేరం, టూరిస్టులకీ పిల్లలకీ కూడా. ఇంట్లో పెట్టి వెళ్ళండి. రెండోది, బీచ్‌లో మాంచినీల్ అనే చెట్టు. చిన్న పచ్చ యాపిల్ లాంటి కాయలు కాస్తుంది. ఆ కాయా విషమే, పాలూ విషమే. వానలో దాని కింద నిలబడితే కారే నీళ్ళకే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. చాలా చెట్లకి ఎర్ర పట్టీ గీసి ఉంటుంది. అది చూస్తే దూరం జరగండి.

తిండి సంగతి. అక్కడి జాతీయ వంటకం పేరు కూ-కూ, ఫ్లయింగ్ ఫిష్. కూ-కూ అంటే మొక్కజొన్న పిండి, బెండకాయ కలిపి కెలికే ముద్ద. మన సంకటి లాగే చేప పులుసుతో తింటారు. శుక్రవారం రాత్రి ఆయిస్టిన్స్ అనే ఊళ్ళో సముద్రం పక్కనే చేపలు కాల్చి పెడతారు, ఊరంతా అక్కడే ఉంటుంది. వెజ్ వాళ్ళకి కాస్త కష్టమే కానీ రోటీ షాపులుంటాయి. రోటీలో ఆలుగడ్డ, శనగల కూర చుట్టి ఇస్తారు.

ఆ రోటీ అక్కడికి ఎలా వచ్చింది?

ఆ ప్రశ్నకి జవాబు తెలుసుకుంటే ఒళ్ళు కొంచెం జలదరిస్తుంది. బానిసత్వం రద్దయ్యాక చెరుకు తోటల్లో పనికి కరీబియన్‌కి మన దేశం నుంచి కూలీలను ఓడల్లో తీసుకెళ్ళారు. బార్బడోస్‌కి పెద్దగా రాలేదు కానీ, చుట్టూ ఉన్న ట్రినిడాడ్, గయానాకి కలకత్తా, మద్రాసు నుంచి వెళ్ళారు. ఫ్రెంచ్ వాళ్ళ మార్టినిక్‌కి 1853లో, గ్వాడెలూప్‌కి 1854 డిసెంబర్‌లో మొదటి ఓడలు చేరాయి. పాండిచ్చేరి, కారైకాల్, మన యానాం వైపు నుంచి జనాన్ని పోగుచేశారు. అందులో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఒక్క గ్వాడెలూప్‌కే సుమారు 42 వేల మంది వెళ్ళారు. ఐదేళ్ళ కాంట్రాక్టు, నెలల తరబడి ఓడ ప్రయాణం. ఎక్కడ దిగుతారో, అక్కడ పని ఎలాంటిదో చాలామందికి సరిగ్గా చెప్పలేదు. ఎక్కువమంది తిరిగి రాలేదు.

బ్రిడ్జ్‌టౌన్‌లో కేరనేజ్ అనే పాత ఓడరేవు ఒడ్డున కూర్చుని నేను ఇదే అనుకున్నాను. దారి తెలియకుండా బయల్దేరితే నాకు పోయింది లక్షా పది వేలు. దారి చెప్పకుండా వాళ్ళని బయల్దేరదీస్తే పోయింది జీవితం. మనం ఫోన్‌లో రూల్స్ చదవడానికి బద్ధకిస్తాం, వాళ్ళకి చదివే అవకాశమే ఇవ్వలేదు.

ఐదు రోజులకి ప్లాన్

మొదటి రోజు నిద్ర సరిచేసుకుని కార్లైల్ బే బీచ్‌కి. నీళ్ళు అద్దంలా ఉంటాయి, మునిగిపోయిన పాత ఓడల చుట్టూ తాబేళ్ళు ఈదుతుంటాయి. రెండో రోజు పాత ఊరు: పార్లమెంట్ భవనాలు, 1654 నాటి యూదుల ప్రార్థనా మందిరం, కేరనేజ్. మూడో రోజు కెన్సింగ్టన్ ఓవల్. బయట గ్యారీ సోబర్స్ విగ్రహం ఉంటుంది. నాలుగో రోజు హ్యారిసన్స్ కేవ్ గుహలు, అక్కణ్నుంచి తూర్పు తీరంలో బాత్‌షీబా. పడమర వైపు సముద్రం చెరువులా ఉంటే ఇక్కడ అలలు కొండల్లా వస్తాయి, ఈతకి దిగొద్దు. ఐదో రోజు గ్యారిసన్. అమెరికా మొదటి ప్రెసిడెంట్ జార్జ్ వాషింగ్టన్ 1751లో, 19 ఏళ్ళ వయసులో ఉన్న ఇల్లు అక్కడుంది. ఆయన జీవితంలో వెళ్ళిన ఒకే ఒక్క విదేశీ ట్రిప్ అదే.

వరసగా ఏం చేయాలి?

నాలుగు నెలల ముందు పాస్‌పోర్ట్, పేరు, వాలిడిటీ చూసుకోండి. తర్వాత పేపర్ మీద దారి గీయండి: ఎక్కడ ఎక్కుతాం, ఎక్కడ మారతాం, ఎక్కడ దిగుతాం. మారే ప్రతి చోటు పక్కనా ‘కాగితం ఏంటి?’ అని రాయండి. దానికి జవాబు దొరికాకే టికెట్. ట్రాన్సిట్ వీసాకి టికెట్ వివరాలు అడుగుతారు కాబట్టి, డబ్బు వెనక్కి వచ్చే టికెట్ కానీ, కొన్ని రోజులు హోల్డ్ చేసే సౌకర్యం కానీ వాడుకోండి. బ్రిటన్ వీసా సెంటర్ హైదరాబాద్‌లోనే ఉంది. వీసా చేతికొచ్చాక హోటల్, ఇన్సూరెన్స్, ఫారెక్స్. వెళ్ళే వారంలో ఇమ్మిగ్రేషన్ ఫారం.

బయల్దేరే రోజు కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైల్లో రెండు గంటలే, కానీ అక్కణ్నుంచి శంషాబాద్ ఇంకో గంటా గంటన్నర. బండి లేటు కూడా లెక్కలో వేసుకోండి. తెల్లవారుజామున ఫ్లైట్ ఉంటే ముందు రోజు సాయంత్రం బండికే వెళ్ళిపోవడం మంచిది.

రెండోసారి నేను శంషాబాద్ వెళ్ళినప్పుడు కౌంటర్‌లో వేరే అతను ఉన్నాడు. ‘లండన్ ట్రాన్సిట్ వీసా?’ అన్నాడు. ఇచ్చాను. ‘హ్యాపీ జర్నీ’ అన్నాడు. పదిహేను సెకన్లు కూడా పట్టలేదు. నాన్నకి ఫోన్ చేసి చెప్తే, ‘మారే కాడ నిద్రపోకు’ అన్నారు.

కెన్సింగ్టన్ ఓవల్ బయట నిలబడి ఆయనకి వీడియో కాల్ చేశాను. అక్కడ పొద్దున పది, కాజీపేటలో రాత్రి ఏడున్నర. గేటు లోంచి గ్రౌండ్ చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు: ‘120 కొట్టలేకపోయిండ్రు సూడు, గిదేనా ఆ గ్రౌండు?’

అదీ సంగతి ఫ్రెండ్స్. ‘వీసా ఫ్రీ’ అని రీల్ కనిపిస్తే ఆ దేశం పేరు ఒక్కటే చూడకండి, దారి చూడండి. టికెట్ కొనబోతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, కొనక ముందే ఈ ఎపిసోడ్ చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా జాగ్రత్త, నమస్తే.